అగత్తి నీళ్ళలో తాబేళ్ళతో



ఈ మధ్య మన తెలుగువాళ్ళ ఇళ్ళలో సెలవుల కబుర్లు మారాయి. ఒకప్పుడు ఊటీ, కొడైకెనాల్, మైసూరు అనేవాళ్ళం. ఇప్పుడు అండమాన్ అంటున్నారు, లక్షద్వీప్ అంటున్నారు. వెళ్ళొచ్చినవాళ్ళు ఫోను తీసి మొట్టమొదట చూపించేది సముద్ర తాబేలు ఫొటో. నీలం నీళ్ళు, అడుగున తెల్లటి ఇసుక, మధ్యలో తీరిగ్గా ఈదుకుంటూ పోయే ఓ పెద్ద తాబేలు. మొన్న శీతాకాలంలో మేమూ లక్షద్వీప్‌లోని అగత్తికి వెళ్ళాం. మాకోసమే ఒక పడవ మాట్లాడుకుని, నీళ్ళలోకి దిగి తాబేళ్ళను చూశాం. ఆ ఆనందం గురించి మీతో చెప్పాలని ఉంది. అంతకంటే ఎక్కువగా ఆ తాబేలు బతుకు వెనక ఉన్న కథ చెప్పాలని ఉంది. అందులో గడ్డి ఉంది, సొరచేప ఉంది, వల ఉంది, ఆ వల వేసుకుని బతికే మనిషి ఉన్నాడు. ఫొటోలు చూసి మురిసిపోయే మనకు ఆ మనిషి మాట చాలా అరుదుగా వినిపిస్తుంది.

ముందు అగత్తి ఎక్కడుందో చెబుతాను. కొచ్చి నుంచి పడమరగా, అరేబియా సముద్రంలో దాదాపు 460 కిలోమీటర్ల దూరం. చిన్న విమానంలో గంటన్నర పడుతుంది. ఓడలో అయితే రాత్రంతా ప్రయాణమే. లక్షద్వీప్‌లో 36 దీవులున్నాయి కానీ మొత్తం నేల కలిపితే 32 చదరపు కిలోమీటర్లే. జనం కాపురముండేవి పది. మన దేశమే అయినా మనం అక్కడ అడుగుపెట్టాలంటే పరిపాలన విభాగం ఇచ్చే పర్మిట్ ఉండాలి. ఇరుకు దీవులు, కొద్దిపాటి మంచినీళ్ళు. ఆ నిబంధన అవసరమైనదేనని అక్కడికి వెళితే తెలుస్తుంది.

విమానం దిగేటప్పుడు కిటికీలోంచి చూస్తే దీవి స్వరూపమంతా ఒక్క చూపులో అర్థమవుతుంది. పొడవుగా, సన్నగా సాగిన నేల. దక్షిణం కొసన, రెండు పక్కలా సముద్రం పెట్టుకుని రన్‌వే. తూర్పు వైపు ముదురు నీలం, అటు లోతైన సముద్రం. పడమటి వైపు లేత ఆకుపచ్చ, అదే లగూన్. ఆ లగూన్‌కు అవతల పొడుగునా తెల్లటి నురగ గీత కనిపిస్తుంది. అది పగడపు దిబ్బ. బయటి సముద్రం ఎంత పొంగినా ఆ దిబ్బ దగ్గరే విరిగి, లోపలికి నెమ్మదించి వస్తుంది. దిబ్బకూ దీవికీ మధ్య ఉన్న ఆ లోతు తక్కువ నీళ్ళే తాబేళ్ళ మేత బీడు. దీవిలో జనం బతకగలుగుతున్నదీ ఆ దిబ్బ పుణ్యమే. అది లేకపోతే అలలు నేరుగా కొబ్బరి తోటల్లోకి వస్తాయి.

పడవల సంగతికి వద్దాం. అక్కడ రెండు రకాలుగా వెళ్ళొచ్చు. పదిహేను ఇరవై మందిని ఎక్కించుకుని పోయే పడవలు కొన్ని. అడుగున అద్దం ఉన్న పడవలు కూడా వాటిల్లోనే వస్తాయి. లేదంటే ఒక కుటుంబం మటుకే ఒక ఫైబర్ పడవ మాట్లాడుకోవచ్చు. రెండోదానికి డబ్బు ఎక్కువవుతుంది, నిజమే. కానీ దానివల్ల దొరికేది హోదా కాదు, తీరిక. గుంపు పడవలో అందరికీ అరగంటలో తాబేలు చూపించి తీసుకురావాలి. కనిపించకపోతే గొడవ. ఆ తొందరలో పడవను తాబేలు మీదికే తోలుతారు. మన పడవ మనదైతే ఇంజను ఆపించొచ్చు, ఎదురుచూడొచ్చు, ఏమీ కనిపించకపోయినా నవ్వుతూ తిరిగి రావొచ్చు. సొంతంగా పడవ మాట్లాడుకునే స్తోమత ఉన్నవాళ్ళకు నా సలహా ఒక్కటే. ఆ డబ్బు తాబేలుకు మరింత దగ్గరగా వెళ్ళడానికి ఖర్చుపెట్టకండి, నిదానంగా ఉండటానికి ఖర్చుపెట్టండి.

మా పడవ నడిపినాయనకు యాభై దాటి ఉంటాయి. అన్నయ్యను పిలిచినట్టు అక్కడివాళ్ళు ఆయన్ని ఇక్కా అంటుంటే మేమూ అలాగే పిలిచాం. హిందీలో, మధ్యమధ్య మలయాళంలో మాట్లాడతాడు. పడవ ఎక్కించుకునే ముందే మమ్మల్ని ఒడ్డున నిలబెట్టి చెప్పాడు. "తాబేలు కనిపిస్తే ఎవరూ కేకలు పెట్టొద్దు. నేను చెప్పేదాకా దూకొద్దు. దూకడం అసలే వద్దు, నిచ్చెన మీంచి మెల్లగా దిగండి. దాని పైకి పోవద్దు, ఎదురుగా పోవద్దు. పక్కన ఉండండి. దానికి ఇష్టమైతే అదే ఉంటుంది." పోటు వచ్చే వేళ చూసి బయల్దేరదీశాడు. నీళ్ళు తక్కువగా ఉంటే పడవ అడుగు పగడాలకు రాసుకుంటుందని, పోటుతో పాటు బయటి నుంచి తేట నీళ్ళు లోపలికి వస్తాయని, తాబేళ్ళు కూడా ఆ నీళ్ళతోనే లోతు లేని చోట్లకు మేతకు వస్తాయని చెప్పాడు. ఇవేవీ ఏ కరపత్రంలోనూ ఉండవు.

స్నార్కెలింగ్ అంటే పెద్ద విద్య ఏమీ కాదు. కళ్ళనూ ముక్కునూ కప్పే ఒక మాస్కు, నోట్లో పట్టుకునే ఒక గొట్టం, కాళ్ళకు రబ్బరు ఫిన్లు. బోర్లా తేలుతూ, ముఖం నీళ్ళలో పెట్టి, గొట్టంలోంచి నోటితో గాలి పీల్చాలి. నేర్చుకోవాల్సిందల్లా ముక్కును మర్చిపోవడం. మొదటి ఐదు నిమిషాలు మనసు ఒప్పుకోదు. ముఖం నీళ్ళలో ఉంది, ఊపిరి తీయకు అని లోపల ఎవరో గట్టిగా చెబుతూనే ఉంటారు. నడుము లోతు నీళ్ళలో నిలబడి, తల మాత్రం ముంచి, కాసేపు ఊపిరి తీసుకుని వదిలి చూస్తే ఆ భయం పోతుంది. ఒడ్డు దగ్గర ఇది చేయకుండా నేరుగా పడవ మీంచి దిగితే కంగారు పడతాం. కంగారు పడ్డవాళ్ళు కాళ్ళు కిందికి వేస్తారు. ఆ కాళ్ళ కింద పగడం ఉంటుంది.

మాస్కులోకి నీళ్ళు రాకూడదంటే అది చర్మానికి అతుక్కుని ఉండాలి. మా అన్నయ్యకు ఒత్తైన మీసాలు. మాస్కు అంచు వాటి మీద ఆని, సందులోంచి నీళ్ళు లోపలికి వస్తున్నాయి. ఇక్కా తన పెట్టెలోంచి వాజెలిన్ తీసి మీసాల పైభాగానికి పట్టించాడు. అంతే, ఒక్క చుక్క రాలేదు. అద్దానికి ఆవిరి పట్టకుండా చంటిపిల్లల షాంపూ చుక్క వేసి రుద్ది కడిగిచ్చాడు. కళ్ళద్దాలు పెట్టుకునేవాళ్ళకు పవర్ ఉన్న మాస్కులు దొరుకుతాయి, ముందే అడిగి పెట్టుకోవాలి. ఈత రాకపోయినా లైఫ్ జాకెట్ వేసుకుని వెళ్ళొచ్చు. మా వదినకు ఈత రాదు. జాకెట్ వేసుకుని, తాడు కట్టిన రబ్బరు రింగు పట్టుకుని తేలింది. ఆ తాడు రెండో కొస ఇక్కా మేనల్లుడి చేతిలో ఉంది.

అందరికంటే ముందు తాబేలును చూసింది ఆమే.

మేమంతా కాళ్ళాడిస్తూ అటూ ఇటూ తిరుగుతున్నాం. వదిన కదలకుండా రింగు పట్టుకుని కిందికే చూస్తూ ఉంది. కదలని మనిషి దగ్గరికి తాబేలు వచ్చింది. ఆమె చెయ్యి ఎత్తి మాకు చూపించింది. రెండు నిలువుల లోతులో ఇసుక మీద పొట్టిగా, పలచగా ఉన్న గడ్డి. ఆ గడ్డిలో తల దించుకుని ఓ పచ్చ తాబేలు మేస్తోంది. చేలో ఆవు మేసినట్టే, తొందర లేకుండా ఒక్కో కుదురు దగ్గర ఆగి, కొసలు తెంపి, ముందు కాళ్ళతో ఓ అంగుళం ముందుకు జరిగి మళ్ళీ తెంపుతోంది. తెంపిన ప్రతిసారీ ఇసుక కాస్త లేస్తోంది. ఆ లేచిన ఇసుకలో ఏదో ఏరుకోవడానికి చిన్న చిన్న చేపలు దాని దవడ పక్కనే తిరుగుతున్నాయి. డిప్ప గోధుమ రంగు, దాని మీద సూర్యకిరణాల మాదిరి గీతలు. వెనక భాగంలో డిప్పకు అతుక్కుని ఒక పొడుగాటి చేప ప్రయాణం చేస్తోంది. ఆ చేప తల మీద ఉండే అతుకుడు పట్టీతో పెద్ద జీవులను పట్టుకుని పోతుంది.

పెరిగిన పచ్చ తాబేలు డిప్ప మీటరు పొడుగుంటుంది. బరువు నూరు కిలోలు దాటుతుంది. మన చెరువు తాబేలులా ఇది తలను డిప్పలోకి లాక్కోలేదు. కాళ్ళు తెడ్లయిపోయాయి, మెడ బయటే ఉండిపోయింది. ఈదడం కోసం దాక్కోవడాన్ని వదులుకుంది. చిన్నతనంలో దొరికిందల్లా తింటుంది. పెద్దయ్యాక దాదాపు పూర్తి శాకాహారి. సముద్ర తాబేళ్ళలో గడ్డి మేసి బతికేది ఇదొక్కటే. గుడ్లు పెట్టే వయసు రావడానికే పాతికేళ్ళో ముప్పై ఏళ్ళో పడుతుంది. అంటే మేం చూసిన ఆ తాబేలు మా అన్నయ్య కూతురికంటే పెద్దదై ఉండొచ్చు, నాకంటే పెద్దదైనా ఆశ్చర్యం లేదు.

కాసేపటికి అది మేత ఆపింది. తల ఎత్తింది. ముందు కాళ్ళు రెండూ ఒకసారి కిందికి ఊపి, ఏటవాలుగా పైకి లేవడం మొదలుపెట్టింది. మాకు పక్కగా, నాలుగైదు బారల దూరంలో, ఏ కంగారూ లేకుండా నీళ్ళ పైకి వచ్చి తల బయటపెట్టింది. 'ఫుస్' మని గాలి వదిలిన చప్పుడు. వెంటనే లోపలికి పీల్చిన చప్పుడు. అంతా కలిపి రెండు మూడు సెకన్లు. మళ్ళీ కిందికి, మళ్ళీ అదే గడ్డి కుదురు దగ్గరికి.

శ్రోతలు ఈ ఊపిరి సంగతి గుర్తుపెట్టుకోవాలని నా కోరిక. తాబేలు చేప కాదు. దానికి మొప్పలు లేవు. మనలాగే ఊపిరితిత్తులు. పడుకున్నప్పుడు గుండె వేగం బాగా తగ్గించుకుని గంటల తరబడి అడుగునే ఉండగలదు. మేస్తూ, ఈదుతూ ఉన్నప్పుడు కొద్ది నిమిషాలకోసారి పైకి రావాలి. అది పైకి వచ్చే దారిలో మనం అడ్డంగా తేలుతూ ఉంటే ఏం చేస్తుంది? గాలి నింపుకోకుండానే పక్కకు తిరిగి పారిపోతుంది. భయంతో ఈదితే ఉన్న గాలి ఇంకా తొందరగా అయిపోతుంది. కొంచెం దూరం పోయి మళ్ళీ పైకి రావాలని చూస్తుంది. అక్కడికీ మనవాళ్ళు వెళతారు, చేతిలో కెమెరాతో.

ఆ రోజు అదీ చూశాం. మాకు కొంత దూరంలో ఇంకో పడవ వచ్చి ఆగింది. ఇంజను పూర్తిగా ఆగకముందే నలుగురైదుగురు కుర్రాళ్ళు దూకారు. ఒక తాబేలు వాళ్ళ మధ్య నుంచి తప్పించుకుని పోతుంటే ఒకతను వెంటపడి డిప్ప మీద చెయ్యేశాడు. పడవలో ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఇక్కా ముఖం ఎర్రబడింది. మలయాళంలో గట్టిగా ఏదో అరిచాడు. ఆ పడవ నడిపే అబ్బాయి తల వంచుకున్నాడు. తర్వాత ఇక్కా మాతో అన్నాడు, "వాడు మా వీధి పిల్లాడే. ముట్టుకోనివ్వకపోతే జనం డబ్బు తక్కువ ఇస్తారని వాడి భయం."

ఈ మాటే నన్ను చాలాసేపు వదల్లేదు. మన సరదా ఎంత దూరం పోవాలో నిర్ణయిస్తున్నది చివరికి మనం ఇచ్చే డబ్బు. ఇక్కడ చట్టం సంగతి కూడా చెప్పాలి. మన దేశపు నీళ్ళలో తిరిగే ఐదు రకాల సముద్ర తాబేళ్ళూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పులికి ఉన్నంత రక్షణ వాటికీ ఉంది. ఆ చట్టం ప్రకారం వేట అంటే చంపడం, పట్టుకోవడం మాత్రమే కాదు, తరమడం కూడా వేటే. పగడాలకూ 2001 నుంచి అదే షెడ్యూలులో చోటిచ్చారు. ఒడ్డున దొరికిన చచ్చిన పగడం ముక్కను కూడా సంచిలో వేసుకుని రాకూడదు.

ఇక గడ్డి కథ. తిరిగి వచ్చేటప్పుడు ఇక్కా ఒక చోట పడవ ఆపి కిందికి చూడమన్నాడు. ఉత్త తెల్ల ఇసుక. నాకైతే అందంగానే కనిపించింది. "నా చిన్నప్పుడు ఇక్కడ మోకాలి దాకా గడ్డి. మా నాన్న ఇక్కడే వల వేసేవాడు. ఇంటికి కావాల్సిన చేప ఇక్కడే దొరికేది. ఇప్పుడు చూడండి" అన్నాడు. ఏమైందని అడిగాను. వేలెత్తి నీళ్ళలోకి చూపించాడు. "వీళ్ళే మేసేశారు."

ఇది ఒక్క ఇక్కా మాట కాదు, అగత్తి జాలర్లందరి మాట. శాస్త్రవేత్తలు కూడా ఏళ్ళ తరబడి నీళ్ళలో దిగి కొలిచి చూశారు. మైసూరులోని నేచర్ కన్సర్వేషన్ ఫౌండేషన్‌కు చెందిన పరిశోధకులు ఈ శతాబ్దం మొదటి పదేళ్ళ నుంచి లక్షద్వీప్ లగూన్లలో పచ్చ తాబేళ్ళనూ సముద్రపు గడ్డినీ గమనిస్తూ వచ్చారు. సముద్రపు గడ్డి అంటే నాచు కాదు. దానికి వేళ్ళుంటాయి, పూలు పూస్తుంది, కాయలు కాస్తుంది. నేల మీది మొక్క ఎప్పుడో సముద్రంలోకి వెళ్ళి స్థిరపడింది. ఆ గడ్డి పొదల్లో చేపపిల్లలు పెరుగుతాయి. దాని వేళ్ళు ఇసుకను పట్టి ఉంచుతాయి. అగత్తిలో తాబేళ్ళు విపరీతంగా పెరిగేసరికి ఆ గడ్డి ముందు పొట్టిదైంది, తర్వాత పలచనైంది. నిదానంగా పెరిగే జాతి పోయి, తొందరగా మొలిచే జాతి దాని చోట్లోకి వచ్చింది. చివరికి చాలా చోట్ల అదీ పోయింది. గడ్డి పోవడంతో దాన్ని నమ్ముకున్న చేపలు తగ్గాయి. అగత్తిలో మేత తరిగాక తాబేళ్ళు కడమత్‌కు, ఆ తర్వాత మరికొన్ని దీవులకు జరిగాయి. వెళ్ళిన చోటల్లా అదే కథ. ఇప్పటికీ అగత్తిలో తాబేళ్ళు కనిపిస్తాయి, వెనకటంత గుంపులుగా మాత్రం కాదు.

తాబేళ్ళు అంతగా ఎందుకు పెరిగాయి? దీనికి జవాబు ఒక్కటి కాదు. ఒకప్పుడు ఈ దీవుల్లో తాబేలును వేటాడేవారు. మాంసం కోసం కంటే నూనె కోసం ఎక్కువ. ఇక్కడి కొయ్య ఓడలకు, కొబ్బరి పీచు తాడుతో పలకలు కుట్టి కట్టే ఓడలకు, నీరు పట్టకుండా తాబేలు కొవ్వు నుంచి తీసిన నూనె పూసేవారు. 1960ల నుంచి దీవుల్లో ట్యూనా వేట పెరిగింది. గాలాలతో, ఒక్కొక్క చేపనూ కర్రతో ఎగరేసి పట్టే పద్ధతి అది. మినికాయ్‌లో ఎన్నో తరాలుగా ఉన్న ఆ విద్యను మత్స్యశాఖ మిగతా దీవులకు నేర్పింది. ఆ వేట బయటి సముద్రంలో జరుగుతుంది. దాంతో మగవాళ్ళు లగూన్‌ను వదిలి బయటికి వెళ్ళారు. అదే కాలంలో చట్టం వచ్చింది, తాబేలు వేట ఆగింది. ఇంకోవైపు పెద్ద తాబేలును కొరికి తినగలిగే టైగర్ షార్కుల వంటి సొరచేపలను మనుషులు రెక్కల కోసం, కాలేయపు నూనె కోసం పట్టి పట్టి తగ్గించేశారు. మేసే జీవిని కాపాడి, దాన్ని అదుపులో ఉంచే జీవిని పోగొట్టుకుంటే మేత బీడు ఏమవుతుంది? పల్లెల్లో పశువులు కాసినవాళ్ళెవరైనా చెప్పగలరు. ఇందులో తాబేలు తప్పు లేదు. జాలరి తప్పు కూడా లేదు. ట్యూనా గాలానికి ఎరగా వేసే చిన్న చేపలను లగూన్‌లోనే పట్టాలి. అది పాడైతే అతని బయటి వేట కూడా కుంటుపడుతుంది. తన వలలు చింపి, తన గడ్డి మేసిన తాబేలును ముట్టుకోకుండా ఉన్నాడతను. మనం దాన్ని చూడటానికి విమానం ఎక్కి వెళుతున్నాం. సంరక్షణకు అయ్యే ఖర్చు అతను కడుతున్నాడు, దాని అందం మనం అనుభవిస్తున్నాం. ఈ అన్యాయం గురించి మాట్లాడకుండా తాబేళ్ళ గురించి ఎంత ప్రేమగా మాట్లాడినా ఆ మాట సగమే అవుతుందని నా గట్టి నమ్మకం.

ఇక్కా ఇప్పుడు వేటకు వెళ్ళేది తక్కువ. మాలాంటివాళ్ళను తీసుకెళ్ళడమే ప్రధాన జీవనం. అతనికి తాబేలు మీద కోపం ఉందా అని అడిగాను. కాసేపు ఆగి, "మా గడ్డి తిన్నది ఇదే. ఇప్పుడు మాకు అన్నం పెడుతున్నదీ ఇదే" అన్నాడు. అందుకే, ఆ కుర్రాళ్ళను ఆడించిన పడవకంటే మమ్మల్ని నిశ్శబ్దంగా ఉంచిన పడవకు ఎక్కువ డబ్బు రావాలని నేనంటాను. తాబేలు కనిపించని రోజు కూడా పూర్తి బాడుగ ఇచ్చేయాలి. అప్పుడే ఇంకో పడవవాడికి వెంటపడాల్సిన అవసరం ఉండదు.

పగడాల గురించి రెండు మాటలు. సముద్రం వేడెక్కితే పగడం తన లోపల ఉండే రంగు నాచును బయటికి తోసేసి తెల్లబడుతుంది. ఆ వేడి ఎక్కువ రోజులు ఉంటే చస్తుంది. లక్షద్వీప్‌లో 1998లో, 2010లో, 2016లో, మళ్ళీ 2024లో అలా పెద్దయెత్తున తెల్లబడింది. అగత్తి, కడమత్, కవరత్తి దీవుల దగ్గర బతికున్న పగడం పాతికేళ్ళలో సుమారు సగానికి తగ్గిందని పరిశోధకులు తేల్చారు. మేం చూసిన దిబ్బ మీద బూడిద రంగు కొమ్మలు చాలానే ఉన్నాయి. వాటి మధ్య కొత్తగా మొలుస్తున్న ఊదా రంగు, లేత పసుపు ముక్కలు అరచేతి మందాన. వాటి మీద కాలు పెడితే ఏళ్ళ పెరుగుదల ఒక్క క్షణంలో విరిగిపోతుంది. ఒంటికి సన్‌స్క్రీన్ దట్టంగా పులుముకోవడానికి బదులు పొడుగు చేతుల ఈత చొక్కా వేసుకోండి. ఎండా తగలదు, నీళ్ళలోకి రసాయనాలూ పోవు.

మంచి వార్త కూడా ఉంది. 2025 అక్టోబరులో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం పచ్చ తాబేలును ప్రమాదంలో ఉన్న జాతుల జాబితా నుంచి తప్పించింది. ప్రపంచం మొత్తం మీద వాటి సంఖ్య 1970ల నాటికంటే పెరిగింది. యాభై ఏళ్ళ పాటు గుడ్లను కాపలా కాసినవాళ్ళ, వేట మానుకున్నవాళ్ళ, వలలు మార్చుకున్నవాళ్ళ శ్రమ ఫలితం అది. అయితే అన్ని సముద్రాల్లోనూ ఒకేలా లేదు. పైగా తాబేలు గుడ్డులోంచి వచ్చేది ఆడదా మగదా అన్నది ఇసుక వేడిని బట్టి ఉంటుంది. వేడి ఎక్కువైతే అన్నీ ఆడవే. ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్ ఉత్తర భాగంలో పుట్టిన చిన్న తాబేళ్ళలో నూటికి 99 ఆడవేనని 2018లో తేలింది. ముందు ముందు ఏం జరుగుతుందో తలుచుకుంటే దిగులేస్తుంది.

ఇక మన తీరానికి వస్తాను. తాబేలును చూడటానికి అగత్తి దాకా పోనక్కర్లేదని చెప్పడం లేదు. కానీ శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా మన ఇసుక మీదికి ప్రతి శీతాకాలమూ ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒడిశా గహిర్మాథకు, ఋషికుల్యకు లక్షల్లో వచ్చే జాతే ఇది. మన దగ్గర ఒక్కొక్కటిగా, రాత్రిపూట వస్తుంది. కాకినాడ దగ్గర హోప్ ఐలాండ్‌లో, సూర్యలంకలో, విశాఖ బీచిలో కూడా గుడ్లు పెడతాయి. అటవీశాఖవాళ్ళు, ఊళ్ళలో కుర్రాళ్ళు ఆ గుడ్లు తీసి కంచె వేసిన ఇసుకలో పాతిపెట్టి, పిల్లలు బయటికి వచ్చాక సముద్రంలో వదులుతున్నారు. ఆ కుర్రాళ్ళలో చాలామంది మత్స్యకారుల పిల్లలే.

అదే నెలల్లో మన ఒడ్డుకు చచ్చిన తాబేళ్ళు కూడా కొట్టుకొస్తాయి. ఎందుకో ఇప్పుడు మీకు తెలుసు. ఊపిరి. నిద్రలో గంటల తరబడి నీటి అడుగున ఉండగలిగే జీవి, ట్రాలర్ వలలో చిక్కుకుని పెనుగులాడితే గంటలోపే మునిగి చస్తుంది. పైకి రాలేకపోవడమే దాని చావు. దీనికి విరుగుడు ఉంది. వల మెడ దగ్గర ఇనుప చువ్వల చట్రం ఒకటి అమర్చి, పైన ఒక తలుపు పెడతారు. రొయ్య లోపలికి పోతుంది, తాబేలు తలుపులోంచి బయటికి పోతుంది. మన పరిస్థితులకు తగ్గట్టు కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ ఒక నమూనా తయారు చేసింది. అది బిగిస్తే కొంత చేప కూడా జారిపోతుందని మరబోట్లవాళ్ళ ఫిర్యాదు. ఆ ఫిర్యాదును కొట్టిపారేయకూడదు. ఇటు మన రొయ్య కూడా దెబ్బతింటోంది. తాబేలుకు దారి వదలని వలతో పట్టిన రొయ్య అంటూ మన సముద్రపు రొయ్యను 2019 నుంచి అమెరికా తీసుకోవడం మానేసింది. జాలరికి జరిగే నష్టాన్ని ప్రభుత్వం పంచుకుని, ఆ చట్రాన్ని ప్రతి ట్రాలర్‌కూ బిగించేలా చేయడం అసాధ్యమేమీ కాదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంది, మంచిదే. కానీ తాబేళ్ళు ఒడ్డుకు వచ్చేది ఎక్కువగా జనవరి నుంచి మార్చి దాకా.

లక్షద్వీప్ వెళుతున్న వాళ్ళెవరైనా ఈ ప్రసంగం వింటుంటే నా విన్నపం ఇది. పడవ మాట్లాడుకునేటప్పుడే ముట్టుకోం, వెంటపడం అని పడవాయనకు చెప్పండి. ఆయన ముఖం ఎలా వికసిస్తుందో చూడండి. తాబేలు పైకి వచ్చేటప్పుడు దారి వదలండి. మన తీరంలో ఉన్నవాళ్ళు జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో రాత్రిపూట బీచికి వెళితే టార్చి వేయకండి, ఫోను లైటు వేయకండి, ఇసుక మీద ట్రాక్టరు టైరు వేసినట్టు గీతలు కనిపిస్తే తొక్కకుండా పక్కనుంచి నడిచి అటవీశాఖవాళ్ళకు కబురు చేయండి. వలలో చిక్కిన తాబేలును వల కోసి వదిలేసిన మత్స్యకారుడు మీ ఊళ్ళో ఉంటే, ఆ వల ఖరీదు అతనికి ఎవరిచ్చారో ఒకసారి అడగండి. ఎవరూ ఇవ్వలేదంటే ఆ సంగతి పంచాయతీలో లేవనెత్తండి.